బొటనగుంట

నిఘంటువు ఆఫీసులో అందరూ ఆవిడను చీటీలమ్మ అనేవారు. అసలు పేరు హాజరుపట్టీలో ఉండేది గానీ, ఆ పట్టీని చూసేది ఆఫీసు తలుపులు తీసే తాళాలాయన ఒక్కడే. అతనూ చీటీలమ్మ అనే పిలిచేవాడు. ఆవిడ ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషి. చేతిరాత మాత్రం కళ్లకు అద్దుకునేలా ఉండేది. ఆ రాత చూసే ఉద్యోగమిచ్చారు. పెళ్లయిన మూడేళ్లకు మొగుడు వేరే దారి చూసుకున్నాడు. ఆ సంగతి ఆవిడ ఎవరికైనా ఒక్క వాక్యంలో చెప్పి ముగించేది కాబట్టి ఇక్కడా ఒక్క వాక్యమే చాలు.

ఆవిడ చేసే పని చెప్పడానికి చిన్నదే. పాత పుస్తకంలోనో, చేతిరాత కట్టలోనో ఒక మాట కనబడితే దాన్ని అరచేయంత చీటీ మీదికి ఎత్తాలి. పైన ఎడమపక్క మాట. కుడిపక్క అది దొరికిన చోటు: ఏ పుస్తకం, ఎన్నో కాగితం, ఎన్నో వరుస. మధ్యలో ఆ మాట ఉన్న వాక్యం, ఉన్నది ఉన్నట్టు, తప్పుంటే తప్పుతో సహా. కింద మూలన రాసినవాళ్ల పొడి అక్షరాలు. ఎడమ అంచుకు చిల్లు, చిల్లులో దారం. ఏ మాట ఎప్పుడు పుట్టిందో, ఎవరి చేతుల్లో పెరిగిందో, ఎప్పుడు అర్థం మార్చుకుందో, ఎప్పుడు మూలన పడిందో ఆ దారం పట్టుకుని వెనక్కి పోతే తెలిసిపోతుంది.

ఆవిడకు అప్పగించింది శరీరం. నడినెత్తి నుంచి అరికాలి దాకా అరవై సొరుగులు. కణత, కొండనాలుక, ముచ్చిలిగుంట, గూడ, డొక్క, పిక్క, చీలమండ, అన్నీ ఆవిడ చేతిలోనే ఉండేవి. చదువుకున్నవాళ్లు వచ్చి ఫలానా మాట మొదట ఎక్కడ వాడారని అడిగితే, సొరుగు తెరవకుండానే చెప్పేది. చెప్పాక, సొరుగు తెరిచి చూసుకోమనేది. పొగరే. ఉండదగ్గ పొగరు. ముప్పై ఎనిమిదేళ్లలో నలభై వేల పైచిలుకు చీటీలు రాసి, ఒక్కదానిలో ఒక్క వరుస అంకె తప్పని మనిషికి ఆ మాత్రం లేకపోతే ఎలా?

ఆఫీసుకు ఒక నియమం ఉండేది. పెద్దాయన పెట్టింది, అంటే ఆ రోజుల్లోని సంపాదకుడు. రాతలో లేని మాట గుమ్మం తొక్కకూడదు. ఎవరో అన్నారు, ఎవరో విన్నారు అంటే కుదరదు. కాగితం చూపించాలి.

చీటీలమ్మ తల్లి మంత్రసాని. ఒక్క అక్షరం రాదు. ఏడు వందల పురుళ్లు పోసిన చేతులు ఆవిడవి. వయసు మీదపడి పనికి వెళ్లడం మానేశాక, కూతురు ఆఫీసు నుంచి రాగానే ఎదురు కుర్చీలో కూచోబెట్టి, ఇవాళ సొరుగులో ఏం పెట్టొచ్చావని అడిగేది. ఇంట్లో కూరగాయల లెక్క అడిగినట్టే అడిగేది. కూతురు ఒక్కో మాటా చెబుతుంటే తల్లి తన ఒంటి మీద ఆ చోటు తడుముకుని, ఔనని తలూపేది. ఒకరోజు నడుము దగ్గరికి వచ్చారు. నడుము పెట్టామంది కూతురు, తుంటి పెట్టాం, వెన్నుపూస పెట్టాం, ముడ్డిపూస పెట్టాం.

"బొటనగుంట పెట్టలేదా?" అంది తల్లి.

కూతురు ఆ మాట చిన్నప్పటి నుంచి విన్నదే. ఇంట్లో గరిటెను గరిటె అన్నట్టే అది. అది సొరుగులో ఉండాల్సిన మాటని ఆ క్షణం దాకా తోచలేదు. వెన్నెముక కిందికి దిగి ముగిసే చోట, అటొకటి ఇటొకటి, చర్మం కొంచెం లోపలికి పోయి రెండు గుంటలుంటాయి. నొప్పులు పడే మనిషికి నొప్పి ఎగదన్నినప్పుడు మంత్రసాని తన రెండు బొటనవేళ్లూ ఆ గుంటల్లో పెట్టి అదుముతుంది. నొప్పి పోదు. ఓర్చుకునేంత అవుతుంది.

ఆ పేరు ఎవరు పెట్టారని కూతురు అడిగింది. ఆఫీసు అలవాటు.

"ఎవరో పెట్టడమేంటే? నేను పని నేర్చుకునేటప్పుడు మా గురువమ్మ నా వేళ్లు రెండూ పట్టుకుని తీసుకెళ్లి అక్కడ పెట్టింది. ఇదే బొటనగుంట, దీన్ని వదిలావంటే నిన్ను వదిలేస్తానంది. ఆవిడకు వాళ్లత్త చెప్పిందట. ఆ పేరెందుకని నేనడగలేదు. పెట్టి చూస్తే వేలు దానంతటదే వెళ్లి కూచుంది. ఇంకేం అడగను?"

మర్నాడు చీటీలమ్మ పెద్దాయన బల్ల దగ్గర నిలబడింది. ఆయన మంచివాడే. ఎవరినీ కసిరి ఎరగడు. ఎక్కడ దొరికిందన్నాడు. మా అమ్మ అంటుందండీ అంది. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, నవ్వి, "మీ అమ్మ ఎక్కడైనా అచ్చయిందా తల్లీ?" అన్నాడు.

గదిలో ఆరుగురు నవ్వారు. చీటీలమ్మ కూడా నవ్వింది. నవ్వి వచ్చి తన బల్ల దగ్గర కూచుంటే, ఆ పూటంతా చేతిలో కలం కదల్లేదు. ఆ తర్వాత ఆవిడ రెండేళ్ల పాటు వెతికింది. వైద్యం కట్టలు, వంటింటి చిట్కాల పుస్తకాలు, డాక్టర్లు రాసినవి, డాక్టర్లమని చెప్పుకున్నవాళ్లు రాసినవి, ఏదీ వదల్లేదు. పురుడు గురించి రాసినవాళ్లందరూ మగవాళ్లు. వాళ్లు గుమ్మం బయట నిలబడి రాశారు. లోపల ఏ వేలు ఎక్కడ పెట్టారో వాళ్లకేం తెలుసు? మాట ఎక్కడా లేదు.

ఇంతలో తల్లికి కడుపులో నీరు చేరింది. ఆస్పత్రిలో పడేశారు. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా చూడనిచ్చేవారు. కూతురు ఆఫీసు నుంచి నేరుగా వెళ్లి స్టూలు మీద కూచునేది. తల్లి ఇంకేమీ అడిగేది కాదు. నొప్పి గురించి మాట్లాడేది కాదు, ఇంటి గురించి అడిగేది కాదు.

"పెట్టావుటే?" అనేది.

మొదటి నాలుగు రోజులూ ఇంకా లేదమ్మా అంది. అయిదో రోజు తల్లి ముఖం చూసి, పెట్టానమ్మా అనేసింది.

అప్పటిదాకా రాసిన వేల చీటీల్లో ఒక్క అంకె తప్పని మనిషి ఆవిడ. తల్లితో ఆడిన అబద్ధాన్ని నిజం చెయ్యడానికి ఆవిడకు తోచిన దారి ఒకటే, ఆ ఆఫీసులో పనిచేసినవాళ్లకు తప్ప లోకంలో ఇంకెవరికీ తోచని దారి. బీరువా నెత్తిన నలభై ఒకటో కట్ట ఉండేది. పాత వైద్యం చేతిరాత. తడిసి, కాగితాలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి, ఇటుకలా గట్టిపడింది. చదవడానికి వీలుకాదని పైన చీటీ కట్టి ఉంది. దాన్ని ఎవరు విప్పుతారు?

మర్నాడు మధ్యాహ్నం, అందరూ భోజనానికి వెళ్లినప్పుడు, ఆ ముత్యాల్లాంటి రాతతో చీటీ రాసింది. బొటనగుంట. కట్ట 41, కాగితం 17, వెనకవైపు, మూడో వరుస. మధ్యలో వాక్యం: నొప్పులు పడు స్త్రీకి బొటనగుంటలయందు వేళ్లు మోపి అదుమవలెను. వాక్యాన్ని పాతకాలం రాతలా చెయ్యడం ఆవిడకు ఒక లెక్కా? ముప్పై రకాల పాత రాతలు ఆవిడ వేళ్లలో ఉన్నాయి. కింద మూలన తన పొడి అక్షరాలు వేసింది.

పెద్దాయన చూసి, దొరికిందా అని సంతోషించాడు. నిజంగానే సంతోషించాడు. నలుగురినీ పిలిచి, చూశారా, మాటుంటే కాగితం ఎక్కడో ఉంటుందని చెప్పాను కదా అన్నాడు.

ఆ సంపుటం అప్పుడు అచ్చులో ఉంది. ఆ పేజీ ప్రూఫు రాగానే చీటీలమ్మ దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లింది. తల్లి కాగితాన్ని తిప్పి తిప్పి చూసింది. ఎక్కడే, ఏదే అంది. కూతురు ఆవిడ బొటనవేలు పట్టుకుని తీసుకెళ్లి ఆ మాట మీద పెట్టింది. తల్లి దాని మీద వేలితో అటూ ఇటూ రుద్దింది. "ఇంతేనా? ఇంత చిన్నగా ఉంటుందా?" అంది. కాసేపాగి, మా గురువమ్మ చూస్తే బాగుండేదంది. పొట్టిదానికి కూడా చెప్పు అంది. పొట్టిదంటే తల్లితో జతగా పనిచేసిన మంత్రసాని. చుట్టమేం కాదు, పనిలో తోడు. చీటీలమ్మ ఆవిడను పొట్టిపిన్ని అనేది.

నాలుగు రోజులకు తల్లి పోయింది. వేలికి అంటిన సిరాను నర్సు తడిబట్టతో తుడిచినా పోలేదు.

ఆ తర్వాత ఆ మాట నడిచిన నడక చూస్తే ఎవరికైనా భయమేస్తుంది. పెద్ద నిఘంటువులో ఉంది కదాని చిన్న నిఘంటువులు ఎక్కించుకున్నాయి. నర్సుల పాఠ్యపుస్తకం రాసే సంఘం, ఇంత మంచి మాట మనకుండగా ఇంకోటెందుకని తీసుకుంది. ఒక పండితుడు దాని పుట్టుక గురించి తొమ్మిది పేజీల వ్యాసం రాశాడు. పూర్వం బొటనవేలు వెడల్పును కొలతగా వాడేవారు కాబట్టి, ఆ గుంట లోతు ఒక బొటనవేలు కాబట్టి ఆ పేరొచ్చిందని తేల్చాడు. ఇంకొకాయన అది లోతు కాదు, రెండు గుంటల మధ్య దూరమని ఎదురు రాశాడు. పత్రికలో మూడు సంచికల పాటు కొట్టుకున్నారు. వాళ్లలో ఒక్కడైనా తన వేలు తీసుకెళ్లి ఎవరి వీపున పెట్టినా అరనిమిషంలో తేలిపోయేది. పెట్టలేదు. చదువుకున్నవాళ్లు.

కొత్తగా ఎక్కడ ఏ మాట వాడినా దానికి చీటీ రాయడం ఆఫీసు పని. శరీరం సొరుగులు చీటీలమ్మవి. కాబట్టి ఆ వ్యాసాలకూ, ఆ పాఠ్యపుస్తకానికీ ఆవిడే చీటీలు రాసింది. తన అబద్ధానికి తనే దారం కట్టుకుంటూ వచ్చింది. ఇరవై ఆరేళ్లలో పదిహేడు చీటీలయ్యాయి. పదిహేడు, తను కల్పించిన కాగితం అంకె కూడా అదే.

పెద్దాయన పోయాడు. ఇంకిద్దరు వచ్చి వెళ్లారు. ఆఖరికి కొత్త సంపాదకురాలు వచ్చింది. చీటీలమ్మకు కూతురుంటే ఆ వయసుండేది. చురుకైన పిల్ల, నవ్వుతూ మాట్లాడేది, నిలబడే టీ తాగేది. వచ్చిన ఆర్నెల్లకే పెద్దాయన నియమం ఎత్తేసింది. నోటి మాట కూడా మాటేనంది. ఒక మనిషి తనంతట తాను ఆ మాట అంటే, దాన్ని రికార్డు చేస్తే చాలంది. అడిగేవాళ్లు ఆ మాట ముందుగా తమ నోట అనకూడదు, అంతే.

ఆ రోజు మీటింగులో చీటీలమ్మకు తోచింది ఒకటే. అమ్మ నోరే చాలుననే రోజు వచ్చింది, అమ్మ లేదు. పొట్టిపిన్ని ఉంది. ఊరికి అవతలి కొసన కొడుకు దగ్గరుంటోంది. అప్పటికింకా గలగలా మాట్లాడుతూనే ఉంది. వెళ్లి రెండు ముక్కలు రికార్డు చేసుకొస్తే పాత చీటీ తీసేసి కొత్తది పెట్టొచ్చు. కానీ పాత చీటీ ఎందుకు తీస్తున్నావంటే ఏం చెప్పాలి? ఇవాళ కాదు రేపనుకుంది. ఈ వారం కాదు, వచ్చే వారమనుకుంది. అలా రెండేళ్లు గడిచాయి. తప్పు చేసిన రోజు కంటే, దిద్దుకోకుండా గడిపిన ఆ రెండేళ్లే ఆవిడను నిలువునా కోశాయి.

రిటైరు కావడానికి ఇంకా మూడు నెలలుండగా, ఒక బుధవారం పొద్దున సంపాదకురాలు పిలిచింది. బల్ల మీద నలభై ఒకటో కట్ట ఉంది. ఇటుకలా లేదు. ఎవరో నిపుణులకు పంపి, ఆవిరి పట్టించి, ఒక్కో కాగితం విడదీయించారట. అద్దాల్లాంటి కవర్లలో ఆరబెట్టినట్టు పరిచి ఉన్నాయి.

"మొత్తం పన్నెండే కాగితాలమ్మా," అంది సంపాదకురాలు. "అదీ పశువుల వైద్యం. గిట్టల గురించి ఉంది. పదిహేడో కాగితం నాకు దొరకలేదు."

చీటీలమ్మ బుకాయించలేదు. ఇంకో కట్టేమో, అంకె పొరపాటేమో అని నసగలేదు. "నేనే రాశాను. ఆ కాగితం లేదు. మాట మాత్రం ఉంది," అంది.

"మాట ఉందని మీరంటే చాలదు కదమ్మా. కాగితం ఉందని కూడా మీరే అన్నారు."

సంపాదకురాలు గొంతు పెంచలేదు. పెంచి ఉంటే చీటీలమ్మ కూడా పెంచేది, కాస్త తేలికయ్యేది. సోమవారం సలహా సంఘం కూచుంటుందని, ఇది వాళ్ల ముందు పెట్టక తప్పదని చెప్పింది. శరీరం కట్టలన్నీ పాతవి, సగానికి పైగా చెదలు తిన్నవి, పొడి అయిపోయినవి. ఇప్పుడు వాటికి ఆధారం చీటీలమ్మ రాసిన చీటీలే. చీటీ తప్ప ఇంకేమీ మిగల్లేదు.

"ఒక్కటే అబద్ధమమ్మా. మిగతా నలభై వేలూ కళ్లతో చూసి రాసినవి."

"ఆ ఒక్కటీ పట్టుబడ్డది కాబట్టి చెప్పారు. రెండోది లేదని ఎవరు చెబుతారు?"

సంపాదకురాలే ఒక దారి చూపించింది. మాట నిజంగా ఉందని తేలితే, మాటను కల్పించలేదు, చోటు మాత్రమే తప్పు రాసిందని సంఘానికి చెప్పొచ్చు. అప్పుడు మిగతా చీటీలను కాపాడొచ్చు. బతికున్న మనిషి ఒక్కరు కావాలి. మీ ఇంటి మనిషి కాకూడదు. పుస్తకంలో చదివి నేర్చుకున్నవాళ్లు పనికిరారు, నర్సులు అసలే వద్దు, ఎందుకంటే వాళ్ల పుస్తకంలోకి ఆ మాట మీ చీటీలోంచే వెళ్లింది. ఎవరైనా ఉన్నారా?

ఉందంది చీటీలమ్మ. పొట్టిపిన్ని.

శుక్రవారం ఇద్దరూ కలిసి వెళ్లారు. మూడు మెట్ల వరుసలెక్కితే ఇరుకు వసారా, ఆరేసిన దుప్పట్లు, వాటి వెనక తలుపు. పొట్టిపిన్ని కోడలు తలుపు తీసింది. ముఖం మీద నిద్ర లేని మనిషి. ఎవరో ఏమిటో చెప్పాక లోపలికి రమ్మంది గానీ, ముందే ఒక మాట చెబుతున్నాను అంది.

"ఎనిమిది నెలల కింద పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, దాంతోపాటే నోరు కూడా. ఒక్క మాట మిగిలింది. అదే అంటుంది. తింటావా అత్తయ్యా అంటే అదే, తినవా అంటే అదే. పోతావా అన్నా అదే. ఒకప్పుడు ఆవిడ నోటికి జడిసి ఈ మేడ మీద కాకి వాలేది కాదు."

చీటీలమ్మ లెక్క వేసుకుంది. ఎనిమిది నెలలు. రేపు రేపనుకున్న రెండేళ్లలో చివరి ఎనిమిది నెలలు.

పొట్టిపిన్ని కిటికీ పక్కన కుర్చీలో దిండ్ల మధ్య ఉంది. ఎప్పుడూ పొట్టిదే, ఇప్పుడు పిల్లల కుర్చీలో కూడా పట్టేలా ఉంది. చీటీలమ్మను చూడగానే ఎడమ కన్ను వెలిగింది. గుర్తుపట్టిందని చెప్పడానికి మాటక్కర్లేదు. ఎడమచేత్తో చీటీలమ్మ చెంప తడిమి, "అదే," అంది. "అదే, అదే."

సంపాదకురాలు రికార్డరు స్టూలు మీద పెట్టి మీట నొక్కింది. చీటీలమ్మ వెనక్కి తిరిగి, తన నడుము కింద చేయి పెట్టి చూపిస్తూ అడిగింది. పిన్నీ, నొప్పులు పడేవాళ్లకు ఇక్కడ వేలు పెట్టేవాళ్లు కదా నువ్వూ అమ్మా. ఈ చోటును ఏమనేవాళ్లు?

పొట్టిపిన్ని కొంచెంసేపు చూసింది. తర్వాత ఎడమచేయి చాపి, చీటీలమ్మ నడుం పట్టుకుని తన వైపు లాక్కుంది. బొటనవేలు బట్ట మీదుగా కిందికి జారుతూ వెళ్లి, వెతుక్కోకుండా, తడబడకుండా ఒక చోట ఆగింది. ఆగి అదిమింది. చీటీలమ్మ చూపించిన చోటు రెండంగుళాలు పైన ఉంది. పొట్టిపిన్ని దాన్ని దిద్దింది. ఎనభై తొమ్మిదేళ్ల ముసలిదానికి, సగం ఒళ్లు చచ్చిన మనిషికి అంత బలం ఎక్కడిదో, ఆ వేలి కింద చీటీలమ్మ ఒళ్లంతా వదులైపోయింది.

"అదే," అంది పొట్టిపిన్ని. ఈసారి గొంతు వేరుగా ఉంది, పని నేర్పేవాళ్ల గొంతులా.

రికార్డరు తిరుగుతూనే ఉంది. సంపాదకురాలు చూస్తోంది. ఇంకొంచెం ఓపిక పట్టి ఉంటే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు. ఏమీ అయ్యేది కాదేమో. కానీ చీటీలమ్మ ఓర్చుకోలేకపోయింది. ముప్పై ఎనిమిదేళ్లు ఏ నియమమూ తప్పని మనిషి, తప్పిన రెండుసార్లూ ఈ ఒక్క మాట కోసమే తప్పింది.

"బొటనగుంట కదా పిన్నీ? బొటనగుంటే కదా?"

"అదే!" అంది పొట్టిపిన్ని. కన్నీళ్లు కారిపోతున్నాయి. "అదే, అదే, అదే!"

సంపాదకురాలు కళ్లు మూసుకుంది. తర్వాత ముందుకు వంగి, నెమ్మదిగా, తన మీద తనకే అసహ్యం వేసినట్టు అడిగింది. "అవ్వా, దాన్ని మోకాలంటారా?"

"అదే," అంది పొట్టిపిన్ని, వంకర పోయిన నోటితో నవ్వుతూ.

మెట్లు దిగేటప్పుడు సంపాదకురాలు చీటీలమ్మ చేయి పట్టుకుని దించింది. వీధిలోకి వచ్చాక, "నాకు నమ్మకం కుదిరిందమ్మా. ఆ వేలు చూశాక ఇంకేం కావాలి? కానీ నా నమ్మకాన్ని చీటీ మీద ఎలా రాయను?" అంది. చీటీలమ్మ తలూపింది. ఆవిడకు ఆ సంగతి ఆ పిల్ల కంటే బాగా తెలుసు.

సోమవారం సంఘం కూచుంది. తొమ్మిది పేజీల వ్యాసం రాసిన పండితుడు అందులో సభ్యుడు. ముసలివాడయ్యాడు గానీ పేజీల సంఖ్య మరిచిపోలేదు. అందరికంటే కటువుగా మాట్లాడింది ఆయనే. సంపాదకురాలు గంటసేపు వాదించింది. తీర్మానం మాత్రం రెండు వాక్యాల్లో అయిపోయింది. చీటీలమ్మ పొడి అక్షరాలున్న చీటీల్లో, మూలం ఇప్పటికీ దొరికేవి ఉంచాలి. దొరకనివి తీసెయ్యాలి.

దొరకనివి ఇరవై ఆరు వేలు.

వాటిని తియ్యడానికి ఆ వరుస తెలిసిన మనిషి కావాలి. ఆఫీసు మొత్తం మీద అది తెలిసిన మనిషి ఒక్కతే. కాబట్టి చీటీలమ్మే తీసింది. మూడు వారాలు పట్టింది. పొద్దున వచ్చి ఒక సొరుగు ఊడదీసి బల్ల మీద పెట్టుకునేది. దారం కత్తిరించి, ఒక్కో చీటీ చూసి, ఇది ఉండాలి, ఇది పోవాలని వేరు చేసేది. పోవాల్సినవి గోనెసంచిలో పడేవి. తాళాలాయన సంచులు మూతికట్టి మూలకు చేర్చేవాడు. రెండో వారంలో అతను ఒక చీటీ నేల మీంచి తీసి, చదివి, నిలబడిపోయాడు.

"చీటీలమ్మా, ఇది మా నాయనమ్మ అనేది. ఇది నిజమైన మాటే కదా?"

"నిజమే."

"మరి?"

"కింద నా అక్షరాలున్నాయి."

అతను దాన్ని సంచిలో వెయ్యలేక, బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. చీటీలమ్మే తీసి వేసింది. పోయిన వాటిలో ఇంకెక్కడా లేనివి, ఆ చీటీతో తప్ప బతకనివి వందల కొద్దీ ఉన్నాయి. ఒక కట్టలోంచి ఒక వాక్యం, ఆ కట్ట పొడి కాకముందు ఆవిడ కళ్లు మాత్రమే చూసిన వాక్యం. ఎవరి తల్లి అన్న మాటో, ఎవరి గురువు నేర్పిన మాటో. తన తల్లి మాట ఒక్కటి నిలబెట్టడానికి వాటన్నిటినీ పణం పెట్టింది. ఇప్పుడు తన తల్లి మాటా నిలబడలేదు. ఆఖరి రోజున అరవయ్యో సొరుగు మూసి చూస్తే సగం సొరుగులు తేలిగ్గా జారుతున్నాయి.

రిటైరైనప్పుడు సభ పెట్టలేదు. ఆవిడే వద్దంది. కొత్త అచ్చులో బొటనగుంట పోలేదు. తీసేస్తే పాత నిఘంటువు చూసినవాళ్లు అడుగుతారు కాబట్టి ఉంచి, పక్కన ఒక ముక్క వేశారు: కల్పిత పదం, వాడుకలో లేదు. ఆ నిఘంటువులో లక్ష మాటలుంటే, లేదని అచ్చులో చెప్పించుకున్న మాట అదొక్కటే.

సంచులు ఈడ్చడం వల్లనో, మూడు వారాలు వంగి కూచోవడం వల్లనో చీటీలమ్మకు నడుం నొప్పి పట్టుకుంది. ఆర్నెల్లు ఓర్చుకుని, ఓర్చుకోలేక, ఇంటికి దగ్గర్లోని ఆస్పత్రికి వెళ్లింది. డాక్టరు దగ్గరికి పంపే ముందు వివరాలు రాసుకోవడానికి, నర్సు చదువుతున్న ఒక పిల్ల బల్ల మీద బోర్లా పడుకోబెట్టింది. ఎక్కడమ్మా నొప్పి అంది. ఒంట్లోని ప్రతి చోటుకూ మూడు నాలుగు పేర్లు తెలిసిన చీటీలమ్మ, ఇక్కడ అంది.

ఆ పిల్ల వేళ్లతో తడుముతూ కిందికి వచ్చింది. బొటనవేలు జారి, తనంతట తానే వెళ్లి ఆ గుంటలో కూచుంది. అదిమింది. నొప్పి ఓర్చుకునేంత అయింది.

"బొటనగుంటలోనా అమ్మా?" అంది పిల్ల.

చీటీలమ్మ ముఖం దిండులో ఉంది. వినపడలేదేమోననుకుని పిల్ల మళ్లీ గట్టిగా అడిగింది.

"ఆ మాట ఎక్కడిదమ్మా నీకు?"

"మా పుస్తకంలో ఉంది కదా. వచ్చే నెల పరీక్షలో కూడా వస్తుందన్నారు."

పుస్తకం పాతది. కొత్త పుస్తకంలో ఆ మాట ఉండదని చీటీలమ్మకు తెలుసు. ఈ పిల్ల ఆ మాట రాస్తే దిద్దేవాళ్లు కొట్టేస్తారు, ఇంకా అడిగితే కల్పితమని నిఘంటువు తెరిచి చూపిస్తారు. పిల్ల తలవంచుకుంటుంది. ఆ తలవంపు ఎలా ఉంటుందో చీటీలమ్మకు తెలుసు.

"అలాంటి మాట లేదమ్మా," అంది. "తీసేశారు. పరీక్షలో రాయకు."

"అవునా? మరి ఇప్పుడేమని రాసుకోను?"

"నడుమని రాసుకో."

పిల్ల సరేనంది. రాయడానికి కలం తీసుకోవాలి కదా, వేలు తీసింది. నొప్పి మళ్లీ మొదలైంది.